ఇంగ్లీషులో జెరండ్, ప్రెజెంట్ పార్టిసిపుల్

ఇంగ్లీషు క్రియాధాతువుకు ‘ఇంగ్’ ప్రత్యయం చేరి ఏర్పడిన రూపం వాక్యంలో నామవాచకం చేయవలసిన పని చేస్తే దానిని జెరండ్ అని, విశేషణంగానో క్రియావిశేషణంగానో నిలిచినా, ‘బి’ క్రియతో కలిసి జరుగుతున్న పనిని తెలిపినా ప్రెజెంట్ పార్టిసిపుల్ అని సంప్రదాయ వ్యాకరణం వ్యవహరిస్తుంది. ఈ రెండింటికీ రూపంలో అణుమాత్రమైనా తేడా లేదు; ప్రామాణిక ఉచ్చారణ ఒకటే, వర్ణక్రమం ఒకటే. ‘స్విమ్మింగ్ కీప్స్ హర్ హెల్దీ’ అన్నప్పుడు ‘స్విమ్మింగ్’ వాక్యానికి కర్త కాబట్టి జెరండ్. ‘స్విమ్మింగ్ అక్రాస్ ద కెనాల్, హి లాస్ట్ హిజ్ వాచ్’ అన్నప్పుడు అదే మాట ప్రధానక్రియ జరిగిన సందర్భాన్ని చెబుతోంది. ‘ద బాయ్ స్విమ్మింగ్ ఇన్ ద కెనాల్’ అన్నప్పుడు కుర్రవాడిని వర్ణిస్తోంది. ఈ రెండుచోట్లా అది పార్టిసిపుల్. తెలుగులో ఈ మూడింటికీ వరుసగా ‘ఈదడం’, ‘ఈదుతూ’, ‘ఈదుతున్న’ అని మూడు వేర్వేరు రూపాలున్నాయి. ఇంగ్లీషు ఒకే రూపంతో నెట్టుకొచ్చే పనిని తెలుగు విడివిడిగా పంచిపెట్టుకున్నందువల్ల, తెలుగు మాతృభాషగా గలవారికి ఈ వ్యాకరణాంశం అర్థం కావడానికి కావలసిన సామగ్రి సొంత భాషలోనే ఉంది. వారు పొరపడే చోట్లు కూడా ఎక్కువగా ఈ పంపకంలోని తేడాల నుంచే పుడతాయి.

పేర్ల పుట్టుక

ఈ రెండు పేర్లూ లాటిన్ వ్యాకరణం నుంచి వచ్చాయి. నిర్వహించడం, నడపడం అనే అర్థమున్న ‘గెరెరె’ అనే లాటిన్ క్రియ నుంచి ‘గెరుండియుమ్’ అనే పారిభాషిక పదం ఏర్పడింది. పార్టిసిపుల్‌కు మూలమైన ‘పార్టికిపియుమ్’ అంటే పాలుపంచుకునేది అని అర్థం. నామం లక్షణాలలోను, క్రియ లక్షణాలలోను దానికి భాగముండడం వల్ల ఆ పేరు వచ్చింది. డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ప్రసిద్ధమైన గ్రీకు వ్యాకరణం భాషాభాగాలు ఎనిమిదని చెప్పి, పార్టిసిపుల్‌ను వాటిలో ఒక ప్రత్యేక భాగంగా లెక్కించింది. లాటిన్ పేరు ఆ గ్రీకు పేరుకు అనువాదమే. విచిత్రమేమిటంటే లాటిన్ జెరండ్‌కు ప్రథమావిభక్తి రూపమే లేదు; కర్తృస్థానంలో లాటిన్ ఇన్ఫినిటివ్‌ను వాడుతుంది. ఇంగ్లీషు జెరండ్‌కు పాఠ్యపుస్తకాలన్నీ ఇచ్చే మొదటి ఉదాహరణ మాత్రం వాక్యానికి కర్తగా నిలిచేదే. ఒక భాష కొలతలకు కుట్టిన చొక్కాను మరో భాషకు తొడిగితే భుజాల దగ్గర ఇలాగే పట్టేస్తుంది.

జెరండ్ అనే మాట అన్ని వ్యాకరణాలలోను ఒకే అర్థంలో కనిపించదన్న సంగతిని తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తించవలసి ఉంటుంది. స్పానిష్, ఇటాలియన్ వ్యాకరణాలలో ఆ పేరుతో పిలిచే రూపం తెలుగు ‘పాడుతూ’ వంటిదే గాని ‘పాడడం’ వంటిది కాదు. విట్నీ 1879లో ప్రచురించిన సంస్కృత వ్యాకరణంలో ‘కృత్వా’, ‘గత్వా’ వంటి క్త్వాంత రూపాలను జెరండ్ అన్నారు. కాల్డ్వెల్ 1856 నాటి ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలోనూ ఈ పేరు ‘చేసి’, ‘వచ్చి’ కోవకు చెందిన అసమాపక క్రియలకే వర్తించింది. అందువల్ల ఇంగ్లీషులో రాసిన తెలుగు, సంస్కృత వ్యాకరణాలను చదివేవారు అక్కడ కనిపించే జెరండ్‌ను ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని జెరండ్‌తో కలిపి చూస్తే పూర్తిగా దారి తప్పుతారు. సంస్కృత పరిభాషలో చెప్పాలంటే, ఇంగ్లీషు ప్రెజెంట్ పార్టిసిపుల్‌కు దగ్గరగా వచ్చేవి శతృ, శానచ్ ప్రత్యయాంతాలు. జెరండ్‌కు కొంతవరకు దగ్గరగా వచ్చేవి పఠనం, గమనం వంటి ల్యుట్ ప్రత్యయాంతాలు. కొంతవరకే అనడానికి కారణం తరువాతి భాగంలో తెలుస్తుంది.

రెండు ప్రత్యయాలు ఒకటైన చరిత్ర

ప్రాచీన ఇంగ్లీషులో ఈ రెండింటి మధ్య గందరగోళమే లేదు. క్రియ నుంచి నామాన్ని తయారుచేసే ప్రత్యయం ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ కాగా, పార్టిసిపుల్ ప్రత్యయం ‘ఎండె’. నేర్చుకోవడం అనే అర్థంలో ‘లెయొర్నుంగ్’ అనేవారు. పాడుతున్న అనే అర్థంలో ‘సింగెండె’ అనేవారు. అదే కుటుంబానికి చెందిన జర్మన్ భాష ఇప్పటికీ ఈ రెండింటినీ ‘ఉంగ్’ అని, ‘ఎండ్’ అని వేరుగానే నిలుపుకుంది. మధ్యయుగపు ఇంగ్లీషులో పార్టిసిపుల్ ప్రత్యయం ప్రాంతాన్ని బట్టి దక్షిణాన ‘ఇండె’ అని, మధ్యప్రాంతాల్లో ‘ఎండె’ అని, ఉత్తరాన ‘అండ్’ అని పలికేది. దక్షిణాది ‘ఇండె’కు నామప్రత్యయమైన ‘ఇంగ్’ ధ్వనిలో మరీ దగ్గరగా ఉండడంతో మొదట ఆ ప్రాంతంలో రెండూ కలిసిపోయాయి. ఆ కలయిక క్రమంగా ఉత్తరానికి పాకి, 15వ శతాబ్ది నాటికి ప్రామాణిక భాషలో స్థిరపడింది. ఉత్తరాన, ముఖ్యంగా స్కాట్లండ్‌లో, తేడా మరికొంతకాలం నిలిచింది: జాన్ బార్బర్ 1375 ప్రాంతంలో స్కాట్స్ భాషలో రచించిన ‘ది బ్రూస్’ కావ్యంలో పార్టిసిపుల్‌కు ‘అండ్’, క్రియానామానికి ‘ఇంగ్’ విడివిడిగా కనిపిస్తాయి.

పాత పార్టిసిపుల్ ప్రత్యయం పూర్తిగా అంతరించిందని కూడా చెప్పలేము. నేటి ‘ఫ్రెండ్’ అనే మాట ప్రేమించడం అనే అర్థమున్న ఒక ప్రాచీన క్రియకు పార్టిసిపుల్. పిశాచం, దుర్మార్గుడు అనే అర్థాల్లో వాడే ‘ఫీండ్’ ద్వేషించడం అనే అర్థమున్న క్రియకు పార్టిసిపుల్. ప్రేమించేవాడు, ద్వేషించేవాడు అనే ఆ రెండు మాటల చివర ఉన్న ‘ండ్’ ధ్వని, వెయ్యేళ్ల కిందటి ప్రత్యయపు ఆనవాలు.

ప్రత్యయాలు కలిసిపోయాక నామరూపం తన స్వభావాన్ని కూడా మార్చుకుంది. మొదట్లో అది అచ్చమైన నామవాచకం. దానికి కర్మ కావాలంటే ‘ఆఫ్’ సాయం తప్పనిసరి. 14వ శతాబ్ది నుంచి అది క్రియలాగా నేరుగా కర్మను తీసుకోవడం, క్రియావిశేషణాలను పక్కన చేర్చుకోవడం మొదలుపెట్టింది. 16వ శతాబ్ది చివరికి ‘హావింగ్ సీన్’, ‘బీయింగ్ సీన్’ వంటి గతకాల, కర్మణి రూపాలు కూడా సంపాదించింది. ల్యుట్ ప్రత్యయాంతంతో పోలిక కొంతవరకే నిలుస్తుందనడానికి కారణమిదే: తెలుగులో ‘పుస్తక పఠనం’ అనగలము, ‘పుస్తకాన్ని పఠనం’ అనలేము, కాని ‘పుస్తకాన్ని చదవడం’ అనగలము. జెరండ్ ఈ రెండోదాని వంటిది. బయటి నుంచి చూస్తే నామం, లోపలి నుంచి చూస్తే క్రియ.

ఈ తేడాను ఒకే మాటతో చూపవచ్చు. ‘హిజ్ క్విక్ రీడింగ్ ఆఫ్ ద లెటర్’ అన్నప్పుడు ‘రీడింగ్’ నామవాచకమే. దాని ముందు విశేషణం ఉంది, వెనుక ‘ఆఫ్’ ఉంది. ‘హిజ్ క్విక్లీ రీడింగ్ ద లెటర్’ అన్నప్పుడు విశేషణానికి బదులు క్రియావిశేషణం వచ్చింది, కర్మ నేరుగా వచ్చింది, కాబట్టి అది జెరండ్. రాబర్ట్ లౌత్ 1762లో ప్రచురించిన వ్యాకరణంలో ఈ రెండు పద్ధతులను కలపరాదని, ముందు ‘ద’ చేర్చితే వెనుక ‘ఆఫ్’ కూడా చేర్చాలని, లేకపోతే రెండూ వదిలేయాలని నియమించాడు. పద్దెనిమిదో శతాబ్ది వ్యాకర్తల ఆంక్షల్లో చాలావాటిని తరువాతి భాష లెక్కచేయకపోయినా, ఈ నియమం మాత్రం నేటి వాడుకతో చాలావరకు సరిపోతుంది.

అచ్చమైన నామవాచకమైపోయిన ‘ఇంగ్’ మాటలకు ‘ఎస్’ చేర్చి బహువచనం చేయవచ్చు. బిల్డింగు, మీటింగు, పెయింటింగు వంటివి తెలుగులోకి వచ్చిందీ ఆ హోదాలోనే. తెలుగువారు డ్రైవింగు, షాపింగు, షూటింగు వంటి మాటలను దాదాపు ఎప్పుడూ నామాలుగానే స్వీకరించి, క్రియ కావాలనుకున్నప్పుడు ‘డ్రైవింగు చేస్తూ’, ‘షాపింగు చేస్తున్న’ అని తెలుగు క్రియను జోడిస్తారు. ఇంగ్లీషు ప్రత్యయానికి ఉన్న రెండు ముఖాలలో తెలుగు ఒక్కదానికే తలుపు తీసింది.

పార్టిసిపుల్ వ్యవహారం

ప్రెజెంట్ అనే విశేషణం ఈ రూపానికి కాలం రీత్యా సరిపోదు. అది పనికి వర్తమానకాలాన్ని ఇవ్వదు. ప్రధానక్రియ ఏ కాలంలో ఉంటే ఆ కాలంలో, ఆ పని సాగుతున్నదని మాత్రమే చెబుతుంది. తెలుగు శత్రర్థకం కూడా అంతే. ‘పాడుతూ వచ్చాడు’, ‘పాడుతూ వస్తాడు’ అనే వాక్యాల్లో కాలభేదాన్ని మోస్తున్నది రెండో క్రియే.

‘బి’ క్రియతో కలిసి పార్టిసిపుల్ ఏర్పరచే ప్రోగ్రెసివ్ రూపం, అంటే ‘షి ఈజ్ రీడింగ్’ వంటిది, నేటి ఇంగ్లీషులో అత్యంత బలమైన నిర్మాణాల్లో ఒకటి. దీని కర్మణి రూపం మాత్రం ఆలస్యంగా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దిలో ఇల్లు కడుతున్నారని చెప్పడానికి ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనడమే రివాజు. ‘ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్’ అనే రూపం ఆ శతాబ్ది చివర తలెత్తి, పందొమ్మిదో శతాబ్దిలో చాలామంది వ్యాకర్తల చేత అనాగరికమనిపించుకుని, చివరకు తనను తిట్టినవారినే అధిగమించి నిలబడింది.

ఈ ప్రోగ్రెసివ్ రూపమే తెలుగువారు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వారిని ఎక్కువగా పట్టిచ్చే చోటు. తెలిసి ఉండడం, నమ్మడం, ఇష్టపడడం వంటి స్థితులను తెలిపే ఇంగ్లీషు క్రియలు మామూలుగా ఈ రూపాన్ని అంగీకరించవు. తెలుగులో ‘నమ్ముతున్నాను’, ‘అనుకుంటున్నాను’, ‘అర్థమవుతోంది’ అన్నవి సహజ ప్రయోగాలు కాబట్టి వాటి నీడలో ‘ఐ యామ్ బిలీవింగ్’, ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ పుడతాయి. అయితే అన్ని దోషాలనూ మాతృభాష నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ‘తెలుసు’, ‘కావాలి’, ‘ఇష్టం’ అనే మాటలకు తెలుగులోనే సాగుతున్న రూపం లేదు. అయినా ‘ఐ యామ్ నోయింగ్’ వంటి ప్రయోగం భారతదేశంలో ఇతర భాషలవారి నోట వినిపించినట్టే తెలుగువారి నోటా వినిపిస్తుంది. అది తెలుగు నుంచి దిగుమతి అయినది కాదు, భారతీయ ఇంగ్లీషులో ఉమ్మడిగా స్థిరపడిన అలవాటు.

విశేషణంగా నిలిచే పార్టిసిపుల్‌లో మరో రకం చిక్కుంది. ‘బాయిలింగ్ వాటర్’, ‘డ్రింకింగ్ వాటర్’ అనే రెండు పదబంధాల నిర్మాణం పైకి ఒకటే. కాని మరిగేది నీరే అయినా, తాగేది నీరు కాదు. మొదటిది పార్టిసిపుల్, రెండోదానిలో ఉన్నది తాగడానికి ఉద్దేశించిన నీరు అనే అర్థంలో నామంతో కలిసి సమాసం కట్టిన జెరండ్. తెలుగు ఈ భేదాన్ని ‘మరిగే నీళ్లు’, ‘తాగునీరు’ అని మాటల కట్టడిలోనే చూపుతుంది. సాగునీరు, కుట్టుమిషను కూడా ఈ రెండో కోవలోవే. ఇంగ్లీషు ఈ భేదాన్ని ఎక్కువగా ఊనికతో చూపుతుంది: ‘స్లీపింగ్ కార్’, ‘వాకింగ్ స్టిక్’ వంటి సమాసాల్లో ప్రధానమైన ఊనిక మొదటి మాట మీదే పడుతుంది, ‘స్లీపింగ్ బేబీ’ అన్నప్పుడు రెండో మాట కూడా బలంగా పలుకుతుంది. రాతలో ఈ సాయం లేదు కాబట్టి పాఠకుడు అర్థాన్ని బట్టే తేల్చుకోవాలి: నిద్రపోయేది పాప, అంతేగాని రైలుపెట్టె కాదు.

కొన్ని పార్టిసిపుల్స్ పూర్తిగా విశేషణాలైపోయాయి. ముందు ‘వెరీ’ చేరనిస్తే అది విశేషణమనడానికి గుర్తు. ‘వెరీ ఇంటరెస్టింగ్’ చెల్లుతుంది, ‘వెరీ స్లీపింగ్’ చెల్లదు. ఈ కోవలో ‘బోరింగ్’, ‘బోర్డ్’ అనే జంట తెలుగు విద్యార్థులను తరచు నవ్వులపాలు చేస్తుంది. ‘నాకు బోరు కొడుతోంది’ అనుకుని ‘ఐ యామ్ బోరింగ్’ అన్నవారు విసుగు పుడుతోందని కాదు, తామే ఇతరులకు విసుగు పుట్టించే మనుషులమని ఒప్పుకున్నట్టు. ఇంకొన్ని పార్టిసిపుల్స్ ‘డ్యూరింగ్’, ‘కన్సర్నింగ్’, ‘రిగార్డింగ్’ వంటి ప్రిపొజిషన్లుగా మారిపోయాయి. ‘డ్యూరింగ్’కు మూలమైన క్రియ ఇప్పుడు వాడుకలోనే లేదు.

కర్త తెగిపోయిన పార్టిసిపుల్

క్రియావిశేషణంగా వచ్చే పార్టిసిపుల్‌కు సొంత కర్త ఉండదు. ప్రధానవాక్యపు కర్తనే అది అరువు తెచ్చుకుంటుంది. ‘వాకింగ్ డౌన్ ద రోడ్, ద బస్ హిట్ ఎ ట్రీ’ అని రాస్తే రోడ్డు వెంట నడుస్తున్నది బస్సే అవుతుంది. ఇటువంటి ప్రయోగాన్ని ఇంగ్లీషు వ్యాకర్తలు ‘డాంగ్లింగ్ పార్టిసిపుల్’, అంటే వేలాడే పార్టిసిపుల్ అంటారు. దీనిని దోషంగా ఎంచడం తరువాతి కాలపు పట్టింపు. ‘హామ్లెట్’ మొదటి అంకంలో తాను తోటలో నిద్రిస్తుండగా పాము కాటేసిందన్న ప్రచారాన్ని చెప్పే రాజు ప్రేతం మాటల్లోనే ఈ నిర్మాణం ఉంది. సంస్కృత వ్యాకరణం ఎరిగినవారికి ఈ నియమం కొత్త కాదు. క్త్వా ప్రత్యయానికి రెండు క్రియలకూ కర్త ఒకరే కావాలని పాణిని అష్టాధ్యాయి 3.4.21వ సూత్రంలో విధించాడు.

తెలుగు ఇక్కడ కొంత ఉదారం. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ అనే వాక్యంలో కర్తలు వేరైనా, కార్యకారణ సంబంధం స్పష్టంగా ఉండడం వల్ల తప్పు తోచదు. ‘తూ’ రూపం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ ఉదారత తగ్గుతుంది. ‘నేను రోడ్డు మీద నడుస్తూ బస్సు చెట్టుకు గుద్దుకుంది’ అని తెలుగువారెవరూ అనరు. కర్త మారిందని తెలియగానే నాలుక తనంతట తానే ‘నడుస్తుండగా’ అనే రూపానికి మళ్లుతుంది. అదే జాగ్రత్త ఇంగ్లీషులో ‘వైల్ ఐ వాజ్ వాకింగ్’ అనే పూర్తి ఉపవాక్యాన్ని కోరుతుంది. తెలుగులో ‘తూ’ చెల్లదు, ‘ఉండగా’ కావాలి అనిపించిన ప్రతిచోటా ఇంగ్లీషు పార్టిసిపుల్‌ను ఒంటరిగా వదలకూడదన్నది తరగతి గదిలో ఎంతో పనికివచ్చే గుర్తు.

జెరండా, ఇన్ఫినిటివా?

కొన్ని క్రియల తరువాత జెరండే రావాలి, కొన్నిటి తరువాత ‘టు’తో కూడిన ఇన్ఫినిటివే రావాలి, మరికొన్నిటి తరువాత రెండూ వచ్చి అర్థాన్ని మారుస్తాయి. ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’ మొదటి రకం. ‘హోప్’, ‘డిసైడ్’ రెండో రకం. వీటిలో హేతువు వెదికి అలసిపోవడం కంటే కంఠస్థం చేయడమే తేలిక. మూడో రకం మాత్రం ఆలోచనకు పని పెడుతుంది. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే సిగరెట్ తాగడం మానేశాడు. ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే సిగరెట్ తాగడానికి ఆగాడు. ఇంగ్లీషు ఒకే క్రియను ఉంచి వెనుక మాటను మార్చింది, తెలుగు క్రియనే మార్చేసింది. ‘ఐ రిమెంబర్ పోస్టింగ్ ద లెటర్’ అంటే ఉత్తరం పోస్టు చేసినట్టు గుర్తుంది; ‘రిమెంబర్ టు పోస్ట్ ద లెటర్’ అంటే ఉత్తరం పోస్టు చేయడం మరిచిపోవద్దు. ఇక్కడ జెరండ్ జరిగిపోయిన పని వైపు, ఇన్ఫినిటివ్ జరగబోయే పని వైపు చూస్తాయి.

ప్రిపొజిషన్ తరువాత క్రియ వస్తే అది జెరండ్ రూపంలోనే రావాలన్న సూత్రానికి దాదాపు మినహాయింపు లేదు. చిక్కంతా ‘టు’ దగ్గరే, ఎందుకంటే అది ఒకచోట ఇన్ఫినిటివ్ గుర్తు, మరొకచోట ప్రిపొజిషన్. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ప్రిపొజిషన్ కాబట్టి ‘మీటింగ్ యు’ అనాలి. తెలుగువారి ఉత్తరాల్లో ఇది తరచు ‘టు మీట్ యు’ కావడానికి కారణం సులువుగా పట్టుబడుతుంది. తెలుగు ‘కలవడం’ విభక్తి ప్రత్యయమైన ‘కి’ చేరినప్పుడు ‘కలవడానికి’ అవుతుంది. ఆ ‘కి’ని ఇంగ్లీషు ‘టు’తో సరిపెట్టుకున్న మనసు, మిగిలినది ధాతువే అనుకుని ‘మీట్’ దగ్గర ఆగిపోతుంది. నిజానికి ‘కలవడం’ అనే నామం ఆ విభక్తి రూపంలో చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంగతి గమనిస్తే ‘మీటింగ్’ తానే వస్తుంది.

వ్యాకర్తల వాదాలు

జెరండ్ ముందు కర్తను ఏ విభక్తిలో ఉంచాలన్నది ఇరవయ్యో శతాబ్దిలో చాలా దూరం వెళ్లిన వివాదం. ‘ఐ అబ్జెక్ట్ టు హిజ్ స్మోకింగ్’ అనాలా, ‘హిమ్ స్మోకింగ్’ అనాలా అన్నది ప్రశ్న. ఫౌలర్ సోదరులు 1906లో ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ అనే గ్రంథంలో రెండో పద్ధతిని అతుకుడు పార్టిసిపుల్ అనే అర్థమొచ్చే పేరుతో ఖండించారు. అందులో ‘స్మోకింగ్’ జెరండూ కాదు, పార్టిసిపులూ కాదు, కాబట్టి వ్యాకరణ విశ్లేషణకు లొంగదని వారి అభ్యంతరం. హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926 నాటి తన వాడుక నిఘంటువులో ఆ దాడిని మళ్లీ సాగించగా, డెన్మార్క్‌కు చెందిన ఒట్టో యెస్పర్సన్ ఆ నిర్మాణం శతాబ్దాలుగా మంచి రచయితల వాడుకలో ఉన్నదని ఉదాహరణలతో ఎదురు నిలిచాడు. వాడుక యెస్పర్సన్ పక్షాన్నే ఉంది: వ్యక్తివాచక సర్వనామాలతో, లాంఛనమైన రచనలో ‘హిజ్’ మిగిలినా, మాట్లాడే భాషలోను, పొడవైన నామపదబంధాలతోను రెండో పద్ధతే రాజ్యమేలుతోంది.

ఆధునిక భాషాశాస్త్రం జెరండ్‌కు, పార్టిసిపుల్‌కు మధ్య గీత గీయవచ్చా అన్న ప్రశ్ననే తిరగదోడింది. రాండల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం ‘పెయింటింగ్’ అనే ఒకే మాటను 14 వాక్యాల్లో, పూర్తి నామం నుంచి పూర్తి క్రియ వరకు మెట్లు మెట్లుగా పేర్చి, మధ్యలో ఎక్కడా చీలిక రేఖ దొరకదని చూపింది. రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్‌లు 2002 నాటి కేంబ్రిడ్జి వ్యాకరణంలో మరో అడుగు వేశారు: ఇంగ్లీషులోని ఏ ఒక్క క్రియకూ జెరండ్ రూపం, పార్టిసిపుల్ రూపం వేరుగా లేనప్పుడు రెండు రూపాలున్నాయనడం లాటిన్ మీద మమకారమే తప్ప మరేమీ కాదని, రెండింటికీ కలిపి ‘జెరండ్-పార్టిసిపుల్’ అనే ఒకే పేరు పెట్టారు. రూపాల లెక్కకు ఈ వాదం తిరుగులేనిది. కాని ‘ఈదడం’, ‘ఈదుతూ’, ‘ఈదుతున్న’ అని మూడు పెట్టెలు చేతిలో పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థికి పాత విభజనే ఎక్కువ ఉపయోగకరమని ఒప్పుకోక తప్పదు.

వ్యాకర్తలు కలిపేసిన ఈ జంటను మాట్లాడేవారి నోరు మాత్రం పూర్తిగా కలపలేదు. ‘ఇంగ్’ను ‘ఇన్’గా పలకడం ఇంగ్లీషు ప్రపంచమంతటా ఉంది, జాన్ ఫిషర్ 1958లో న్యూ ఇంగ్లండ్ పిల్లల మాటతీరు మీద ప్రచురించిన పరిశీలన ఈ ఎంపిక ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడాను, సందర్భంలోని లాంఛనాన్ని బట్టి మారుతుందని చూపింది. తరువాత 1985లో ఆన్ హ్యూస్టన్ చేసిన పరిశోధనలో వ్యాకరణం కూడా ఇందులో పాలుపంచుకుంటున్నదని తేలింది: ప్రోగ్రెసివ్, పార్టిసిపుల్ ప్రయోగాల్లో ‘ఇన్’ ఎక్కువ, నామ ప్రయోగాల్లో ‘ఇంగ్’ ఎక్కువ. పాత ‘ఇండె’, ‘ఎండె’ ప్రత్యయాల్లోని నకారమే ఇప్పటి ‘ఇన్’లో మిగిలిందని ఆమె వివరణ. అలా చూస్తే, లిపి కొన్ని వందల ఏళ్ల కిందటే చెరిపేసిన తేడా మాట్లాడేవారి ఉచ్చారణలో ఇంకా చెరిగిపోలేదు.